క్యారెట్ బస్తాతో పీహెచ్‌డీకి బయానా

మా మనుమరాలి పెద్ద చదువును నేను ఒక్క పూటల ఎట్ల ముంచబోయిన్నో చెప్తే మీరు నవ్వుతరు. నవ్వుండ్రి, ఫికర్ లేదు. నేనైతే గా దినం యాదికొస్తే ఇప్పటికీ కొంగు మొఖానికి అడ్డం పెట్టుకుంట.

ముందుగాల నా సంగతి. పేరు సత్తెమ్మ. మాది చిన్న మంగళారం. క్యారెట్ పండిస్త, చేవెళ్ల మార్కెట్ల అమ్ముత. యాభై ఏండ్లు దాటేదాంక నాకు అక్షరం ముక్క రాదు. మొయినాబాద్ పోదామని బస్సెక్కి షాబాద్‌ల దిగిన మనిషిని. నాకు అక్షరాలు నేర్పింది మా మనుమరాలు లావణ్య. గప్పుడది మూడో తరగతి. బళ్లె సార్లు దానికి పెట్టే తొడపాశాలన్ని ఇంటికొచ్చి నాకు పెట్టేది. "అవ్వా, కొమ్ము ఏది? కొమ్ము లేకుంటే అది అక్షరమా?" అని గిచ్చేది. గిచ్చి గిచ్చి నేర్పింది. ఇగ చూడుండ్రి నా ఎచ్చులు! గోడ మీద ఏది రాసున్నా గట్టిగ చదువుడే. ఒకపారి పెండ్లివాళ్ల ముంగట "ఇచ్చట మూత్రం పోయరాదు" అని చదివి తిట్లు తిన్న.

గా లావణ్య పెద్దగై పీహెచ్‌డీ చేస్తనన్నది. స్కాలర్‌షిప్పు రాలే. దాని నాయిన, అంటే నా కొడుకు, "ఐదేండ్లు జీతం లేని కొలువు ఎవలన్న చేస్తరా? నా తోని కాదు" అని చేతులెత్తిండు.

"నేను పెడ్తరా పైసలు" అన్న. నన్ను తొడపాశాలు పెట్టి చదివించిన టీచరమ్మను సగంల ఆపుతనా?

కానీ పైసలొక్కటే కాదు తిప్పల. అది తీసుకున్న సబ్జెక్టు ఏందంటే, ఫాంహౌస్‌లు వచ్చినంక మా దిక్కు భూములు ఎట్ల చేతులు మారినయని. దానికి భూములు అమ్మిననాటి పాత బయానా కాయితాలు కావాలె. పిల్ల ఇంటింటికీ తిరిగింది. "మా ఇంట్ల గసుంటివి లేవు బిడ్డా" అనుడే అందరు. ఎవరి భయం వాళ్లది. నన్నూ అడిగింది. నేనూ "లేదే" అన్న. గీ "లేదే" అన్న మాట జర యాది పెట్టుకోండ్రి, మళ్ల పనిపడ్తది.

ఆఖరికి వాళ్ల గైడ్ మేడం, "శనివారం చిల్కూరు గుడికి వస్తున్నా, అటే మీ ఊరికొచ్చి చూస్తా. ఒక్క కాయితమన్నా దొరక్కపోతే ఈ సబ్జెక్టు వదిలెయ్" అన్నదట. పిల్లకు అన్నం సయిస్తలేదు.

గప్పుడు దిగిండు మా అన్న కొడుకు యాదగిరి. మొయినాబాద్‌ల ప్లాట్ల బ్రోకరు. ఆకాశంల మబ్బు కనపడినా దాన్ని గుంటల లెక్క కోసి అమ్మే మనిషి.

"అత్తా, చౌరస్తల ఫ్లెక్సీ చూసినవా? మా దోస్తు పేరు ముంగట డాక్టర్ అని పడ్డది."

"ఏ రోగానికి?"

"రోగం లేదు, దవాఖాన లేదు. ఫంక్షన్ హాల్ల శాలువ కప్పి ఇచ్చిండ్రు. పైసలు కట్టిండు, అయిపాయె. వారం గుడ పట్టలే."

"మరి మన పిల్ల ఐదేండ్లంటదేందిరా?"

"దానికి మార్కెట్ ఎర్క లేదత్తా. మేడం వస్తున్నది గద, నువ్వు కూసొని మాట్లాడు. బయానా కొట్టు. బయానా పడ్డదంటే మాట మారదు. లేకుంటే ఇంకెవడో ఎక్కువిచ్చి ఎత్కపోతడు."

మా దిక్కు బయానా అంటే ఏందో తెల్వనోళ్లకు చెప్తున్న. జాగ నచ్చంగనే ఇంత పైకం చేతుల పెట్టి, ఇద్దరు సాక్షుల ముంగట కాయితం రాసుకునుడు. బర్రెకూ బయానానే, డప్పులోళ్లకూ బయానానే. చదువుకు ఎందుకుండదు అనుకున్న. మీరైతే అనుకోరా? సరే, మీరు తెలివిగలోళ్లు.

చేవెళ్లకు పోయి, క్యారెట్ అమ్మి, అటే బాండ్ పేపర్లు అమ్మేటాయన దగ్గర నిలబడ్డ.

"ఏం కొంటున్నవవ్వా?"

"పీహెచ్‌డీ."

"ఎన్ని గుంటల జాగ?"

"ఐదేండ్లది."

ఆయన అద్దాలు నెత్తి మీదికి జరిపి నన్ను చూసిండు. "సర్వే నంబరు?"

"ఇంకా పడలే. మేడం వస్తే తెలుస్తది."

ఆయనకేంది, పేపరు అమ్ముడువాయె.

ఇంటికొచ్చి రాయబోతే ఎట్ల షురూ చెయ్యాలెనో తెలుస్తలేదు. అందుకని పెట్టె అడుగున దాచిన పాత బయానా కాయితం తీసి ముంగటేసుకొని మాటకు మాట దించిన. "భూమి" అని ఉన్న కాడల్లా "పీహెచ్‌డీ" అని రాసిన. "అమ్ముచున్న" అని ఉన్న కాడ "కొనుచున్న" అని మార్చిన. తక్కింది ఒక్కటి ఇడువలే. ఇడిస్తే ఎనుక లొల్లి అయితదని భయం.

శనివారం మేడం కారు వచ్చింది. లావణ్య నీళ్ల బాటిళ్ల కోసం కిరాణం దుకాణం దిక్కు ఉరికింది. యాదగిరి గప్పుడే క్యారెట్ బస్తా ఒకటి కారు డిక్కీల పడేసిండు. "గిది బయానాల భాగం" అన్నడు. రెండో సాక్షి దొరకకపోతే మేడం కారు డ్రైవర్‌నే పట్టుకొచ్చి నిలబెట్టిండు.

నేను మేడంకు కుర్చేసి ఎదురుంగ కూసున్న.

"మేడం, మాకు తిప్పుడు మాటలు రావు. ఆఖరి రేటు చెప్పుండ్రి."

"దేనికమ్మా?"

"మా పిల్ల పీహెచ్‌డీకి. ఆరు నెలల్ల చేతికి రావాలె. ఇగో బయానా." నోట్ల కట్ట, బాండ్ పేపరు ఒళ్లె పెట్టిన.

మేడం మొఖం చేవెళ్ల టమాట లెక్క అయ్యింది. "లంచమా? నాకు లంచమిస్తున్నారా?"

"ఛ ఛ! లంచమైతే కాయితం ఉంటదా మేడం? ఇగో, సాక్షులు గుడ ఉన్నరు!"

డ్రైవర్ ఎనుకకు జరిగిండు. "నాకేం తెల్వదు మేడం. నన్ను నిలబడుమన్నరు, నిలబడ్డ."

గప్పుడే లావణ్య వచ్చింది. చేతులకెల్లి బాటిళ్లు జారినయి.

"అవ్వా! ఏం పని చేసినవే!"

మేడం లేచింది. "లావణ్యా, ఇలాంటివి నా దగ్గర నడవవు. వేరే గైడ్‌ని చూసుకో."

పిల్ల కండ్లల్ల నీళ్లు. దాన్ని పీహెచ్‌డీ గడప ఎక్కిద్దామని పోయి గడపనే పీకిన. "మేడం, పిల్లకేం ఎర్క లేదు. తప్పంత నాది. కాయితం చదువుండ్రి, నా చేతిరాతనే. కావాలంటే పోలీసులకియ్యుండ్రి" అన్న. అన్ననే గానీ, పోలీసులు వస్తే క్యారెట్ ఎవరు పీకుతరని లోపల ఒకటే గుబులు.

మేడం నిలబడే గట్టిగ చదివింది. "చిన్న మంగళారం సత్తెమ్మ తన రాజీఖుషీతో, ఎవరి బలవంతం లేకుండ కొనుచున్న పీహెచ్‌డీ ఒకటి. దీనికి తూర్పున బండ్ల బాట, పడమర వాగు..." జర ఆగింది. మళ్ల చదివింది. "బోరు, కరెంటు మోటరు, రెండు వేప చెట్లతో సహా."

ఆమె మూతి వంకర పోయింది. "పీహెచ్‌డీలో వేప చెట్లు ఎక్కడివమ్మా?"

"ఏమో మేడం. ఉంటే మాకే రావాలె గద."

ఇగ నవ్వింది సూడుండ్రి! కుర్చీల కూలబడి, పొట్ట పట్టుకొని నవ్వింది. యాదగిరి గుడ నవ్విండు గానీ ఎందుకో వానికి తెల్వదు. నవ్వి నవ్వి, కండ్లు తుడ్సుకొని, ఉన్నట్టుండి ఆగింది.

"ఇది దేన్ని చూసి రాశారమ్మా?"

నేను నోరు మూసుకున్న. బ్రోకరు నోరు మూస్తడా? "పెట్టెల పాత బయానా కాయితం ఉన్నది మేడం, దాన్ని చూసే" అన్నడు యాదగిరి.

"అవ్వా! మనింట్ల లేదంటివి గద!" అని లావణ్య ఒర్రింది.

ఇగ దాసుడెందుకు? పెట్టెలకెల్లి కాయితం తీసి మేడం చేతుల పెట్టిన. దాని మీద సంతకం లేదు, నా వేలిముద్ర ఉన్నది. రెండెకరాలు అమ్ముతున్న అనుకొని వేలు పెట్టిన. అక్షరాలు వచ్చినంక తీసి చదువుకుంటే మూడు అని ఉన్నది. నేను మొట్టమొదలు సొంతంగ చదువుకున్న కాయితం గదే. గా సిగ్గు మనుమరాలికి ఎట్ల చూపిస్త?

మేడం కాయితాన్ని వెలుతురుకు పట్టింది. చదివి, మెల్లగ మడిచి, లావణ్య చేతిల పెట్టింది. "నీ సబ్జెక్టు ఇదే. వదలకు."

నోట్ల కట్ట నా ఒళ్లెకు వాపస్ వచ్చింది. "ఫీజు యూనివర్సిటీ కౌంటర్‌లో కట్టాలమ్మా. రసీదు ఇస్తారు. సాక్షులు అక్కర్లేదు."

కారు కదలంగనే లావణ్య నా పక్కన కూసొని, ఏండ్ల తర్వాత, తొడపాశం పెట్టింది. మంట లేసింది గానీ పాణం నిమ్మలమైంది.

తెల్లారి నా కాయితం పట్టుకొని దాని ఎంబడి నేనే ఇంటింటికీ పోయిన. "సత్తెమ్మనే చూపెట్టినంక మాకేంది" అని ఒక్కొక్కరు పెట్టెలు తెరిచిండ్రు. ఐదేండ్లు నా క్యారెట్లు ఫీజులైనయి, బస్సు కిరాయిలైనయి, జిరాక్సులైనయి. ఆఖరికి మా పిల్ల పేరు ముంగట డాక్టర్ పడ్డది. ఫ్లెక్సీ లేకుండనే.

కథ అయిపోయిందనుకున్నరా? నేనూ గట్లనే అనుకున్న.

డిగ్రీ వచ్చిన వారంల మేడం కారు మళ్ల మా వాకిట్ల ఆగింది. డ్రైవర్ డిక్కీ తీసి రెండు బస్తాలు దించిండు. మేడం బ్యాగులకెల్లి నా బాండ్ పేపరు తీసింది. పారేసింది అనుకున్న నేను!

"'ఆరు నెలల్లో ఇయ్యకుంటే బయానాకు డబుల్ వాపస్' అని మీరే రాశారమ్మా. పైసలు నేను ముట్టలేదు. డిక్కీలో బస్తా మాత్రం ఇంటికెళ్లాక చూశాను, తినేశాం. డిగ్రీకి ఐదేళ్లు పట్టింది. ఇదిగో డబుల్."

రెండు బస్తాల క్యారెట్! పట్నంల కొని మాకు తెచ్చింది! గా ఏడు రేటు లేక మా క్యారెట్టే వాకిట్ల కుప్ప పడి ఉన్నది. బర్రెలు గుడ మొఖం తిప్పుకుంటున్నయి.

"అవ్వా, గీపారి సాక్షి సంతకం నేను పెడ్త" అన్నడు డ్రైవర్.

అందుకే అందరి ముంగట రాసిస్తున్న. చిన్న మంగళారం సత్తెమ్మ అను నేను, నా రాజీఖుషీతో, ఎవరి బలవంతం లేకుండ ఒట్టేసి చెప్పునది ఏమనగా, ఇగ మీద ఏ చదువుకూ బయానా కొట్ట. తప్పి కొట్టినా, క్యారెట్ మాత్రం ఇయ్య. ఈ ఒట్టు నా పాణం ఉన్నంతకాలం చెల్లుతది, బోరు, కరెంటు మోటరు, రెండు వేప చెట్లతో సహా.

ఇట్లు, సత్తెమ్మ. సంతకమే, సూస్కోండ్రి. వేలిముద్ర కాదు.