నాయన ఎన్నికల డ్యూటీ

మొన్న టీవీలో పోలింగ్ సిబ్బంది ఓటింగ్ యంత్రాలు పట్టుకుని నవ్వుతూ బస్సులెక్కుతుంటే, ఇంత వయసొచ్చాక కూడా చూడలేక టీవీ కట్టేశాను. ఇంట్లోవాళ్లు నవ్వారు గానీ, మా రోజుల్లో ఎన్నికల డ్యూటీ అంటే ఏమిటో ఆనాటి బడిపంతుళ్ల ఇళ్లల్లో పెరిగినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఎనభైలలో నేను తిరుపతిలో రాజనీతిశాస్త్రం ఎం.ఏ. చదువుతూ, సెలవులకు నంద్యాల వచ్చి ఉన్నాను. అగ్రరాజ్యాల పొత్తులూ పేచీలూ గుక్కతిప్పుకోకుండా చెప్పగలిగిన నాకు, గంటన్నర బస్సు దూరంలోని ఆళ్లగడ్డ పల్లెల ముఠాకక్షల సంగతి మాత్రం తెలియదు. పంతులుగారైన మా నాయనకు ఆ వైపు ఒక ఊళ్లో పోలింగ్ డ్యూటీ పడిందని తెలిసి అమ్మ ముఖం పాలిపోతే, నేనేమో ప్రజాస్వామ్యానికి అదే పునాది అంటూ పెద్ద ఉపన్యాసమిచ్చి, ఆయన సంచి సర్దిపెట్టాను.

పోలింగ్ నాటి సాయంత్రం అటునుంచి వచ్చినవాళ్లు ఏదో బూత్ దగ్గర బాంబులు పడ్డాయన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. మర్నాడు పొద్దున్నుంచీ అమ్మా నేనూ బస్టాండులో నిలబడి, ఆళ్లగడ్డ బస్సు వచ్చినప్పుడల్లా దిగేవాళ్ల ముఖాలు వెతుక్కున్నాం. అమ్మ పెదవులు ప్రార్థనతో కదులుతూనే ఉన్నాయి. ఒక బస్సు మొత్తం ఖాళీ అయిపోయాక నా వైపు తిరిగింది.

"నువ్వు సదివేది ఈ ఓట్ల సంగతే గదా. మీ నాయన యాడుండాడో చెప్పు."

తర్వాతి ఆళ్లగడ్డ బస్సు ఎన్నింటికో మళ్లీ ఒకసారి అడగడానికి కంట్రోలరు దగ్గరికి పోయాను.

మధ్యాహ్నం బస్సులో నాయన దిగారు. ఒంటిమీద చిన్న గాయం కూడా లేదు గానీ, ఇల్లు చేరేదాకా మా చేతులు వదల్లేదు. కత్తులతో బూత్‌లోకి చొరబడినవాళ్లు బ్యాలెట్ పుస్తకాలు ఇమ్మన్నారట.

"మీ ఇద్దరి మొగాలే కండ్ల ముందర ఆడె. ఇచ్చేసినా పాపా. దీన్ని మీ పుస్తకాల్లో ఏమంటారు?"

ఓటు పవిత్రత గురించి పేజీలకు పేజీలు రాసిన నేను, ఆ క్షణాన, ఆయన ఇచ్చేసినందుకే దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

ఇప్పుడు యంత్రాలొచ్చాయి, కెమెరాలొచ్చాయి, ఆ వైపు పల్లెలూ చాలావరకు చల్లబడ్డాయంటారు. మంచిదే. నేను చదువయ్యాక కాలేజీలో ఏళ్ల తరబడి ఈ ఓటు పాఠమే చెప్పి, పిల్లలడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చాను. నాయన అడిగినదానికి మాత్రం, ఆయన బతికున్నన్నాళ్లూ ఏమీ చెప్పలేకపోయాను.