అటువైపు పాడే మల్కె

"సిలువని తలకిందులుగా పట్టుకుంటావా? కళ్ళు పోతాయ్ ముసలోడా!"

"నా కళ్ళ సంగతి నీకెందుకే షమ్మె? ముందు నీ నోరు పోతే ఊరు బాగుపడుద్ది."

సాయంత్రం ప్రార్థన సగంలో ఆగిపోయింది. ఫాదిరీ అబూనా దెన్హో తల పట్టుకున్నాడు. పొద్దున కొవ్వొత్తుల దగ్గర గొడవ. మధ్యాహ్నం గుడి గోడకి ఎవడో గాడిదని కట్టేశాడని గొడవ. ఇప్పుడిది. దేవుడి చదువంతా చదివించారు గానీ, వీళ్ళ నోళ్ళు మూయించే విద్య ఒక్కటీ నేర్పలేదు.

గుడిలో ఎనిమిది వందల ఏళ్ళనాటి తోలు పుటల పాటల పుస్తకం ఉంది. మైనం కారి, వేళ్ళు తగిలి అంచులు పొడిపొడిగా రాలుతుంటే చూడలేక అబూనా దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఇన్నేళ్ళూ ఆ పుస్తకాన్ని మోసిన ఎత్తు బల్ల మీదే పెట్టెని కూచోబెట్టాడు. పాడేవాళ్ళ చేతికి అచ్చు ప్రతులిచ్చాడు. అట్ట మీద ఎర్ర సిలువ.

మల్కె తన ప్రతిని తిరగేసి పట్టుకున్నాడు. ఆడాళ్ళ వరసలోంచి షమ్మె భగ్గుమంది.

"తిన్నగా పట్టుకోవయ్యా!" అన్నాడు అబూనా.

"తిన్నగా పట్టుకుంటే నాకు చదవడం రాదు అబూనా."

నిజంగానే రాదు. మల్కె రాళ్ళు చెక్కే మనిషి. మిద్యాత్ పట్నం చుట్టుపక్కల సగం గుమ్మాల మీది ద్రాక్షతీగలు అతని ఉలివే. చిన్నప్పుడు అందరికీ ఒకటే పుస్తకం. బల్లకి ఇవతల పెద్దలు నిలబడితే, పిల్లలు అవతల నిలబడి అక్షరాల్ని తలకిందులుగానే నేర్చుకునేవాళ్ళు. మిగతావాళ్ళు పెద్దయ్యాక ఇటొచ్చారు. మల్కె రాలేదు. ఇటునుంచి వాళ్ళన్న షాబో ఒక చరణం పాడితే, అటునుంచి మల్కె రెండోది అందుకునేవాడు. అన్న చనిపోయాడు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కళ్ళే స్వీడన్ వెళ్ళిపోయారు. ఇటువైపు మనిషి లేకపోయినా పుస్తకం ఇటే తిరిగి ఉండేది, మల్కె అటే ఉండేవాడు.

"ఇటొచ్చి నిలబడితే నీ సొమ్మేం పోయింది?" అని అబూనా ఎన్నిసార్లు అడిగాడో.

"అది షాబో చోటు."

ఇంకో మాట ఉండదు. మొండి ఘటం!

రేపే గుడి పండుగ. ఆ పండుగ పాటల బాణీలు ఊరి మొత్తానికి మల్కె ఒక్కడికే పూర్తిగా వచ్చు. పోనీ అట్టకి గుడ్డ చుడదామన్నాడు అబూనా. "చుడితే లోపలి సిలువ లేచి నిలబడుద్దా?" అంది షమ్మె. మల్కె పుస్తకాన్ని గట్టు మీద పెట్టి టోపీ తీసుకున్నాడు.

"పండక్కి ఆవిడ చేతే పాడించుకోండి. నేను రాను."

అబూనా అంగీ ఎత్తి పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తాడు.

"పెట్టె తెరవాలి, అంతేగా నీ పంతం? ఆ పుస్తకం దుమ్మైపోతే రేపు పైకెళ్ళాక మీ అన్నకి ఏం చెప్పుకుంటావ్?"

"ఎవరు తెరవమన్నారు? రాళ్ళు కొట్టేవాణ్ణి, ఏది అరిగిపోద్దో నాకు తెలీదా? ఉండనీ."

"మరేం కావాలి? చెప్పు మహానుభావా, నీకు దణ్ణం పెడతా!"

మల్కె టోపీని చేతుల్లో నలిపాడు.

"మా వాకిట్లో చెక్కిన రాతి దిమ్మె ఒకటుంది. పెట్టెని దాని మీదకి మార్చి, ఆ బల్ల నాకు ఖాళీ చేయించు. అచ్చు పుస్తకాన్ని దాని మీద పరిస్తే అట్ట ఎవరికీ కనపడదు. నీవైపుకి తిప్పి పెట్టుకో, నేను అటునుంచే చదువుకుంటా." నలిగిన టోపీని సర్దాడు. "షాబో చోట్లో నువ్వు నిలబడు అబూనా. మొదటి చరణం నువ్వెత్తుకో."