పేరు చెప్పకుండా మనిషిని చూపించడం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో బోథ్ దగ్గర ఒక ఊళ్ళో ఐదో తరగతికి ఇంగ్లీషు చెప్పేవాణ్ని. నా ఇంగ్లీషంతా మిషన్ బడిలో బైబిలు వాక్యం చదువుతూ నేర్చుకున్నది. అందులో కాపరులూ రాజులూ ఎక్కువ, బస్సులూ బజార్లూ తక్కువ. బడి పుస్తకంలో అడ్జెక్టివ్ ఫ్రేజ్‌కు ఇచ్చిన ఉదాహరణలు ఇంకా దూరం: బంగారు కిరీటం, పాలరాతి మేడ. మా పిల్లలు రెండింటినీ చూసి ఎరగరు.

అందుకని ఒక ఆట పెట్టాను. గుణాన్ని ఒక్క మాటలో చెబితే అడ్జెక్టివ్, కొన్ని మాటలు కలిసి చెబితే ఫ్రేజ్. పేరు ఎత్తకుండా ఊళ్ళో ఒక మనిషిని అలాంటి మాటలతో చూపించాలి, మిగతావాళ్ళు పోల్చుకోవాలి. "ఎ మ్యాన్ విత్ ఎ రెడ్ టర్బన్" అనగానే పట్వారీ అని తేలిపోయింది. వెంటనే వెనక వరుస నుంచి "ఎ వుమన్ విత్ వన్ ఐ" వచ్చింది. అందరూ నవ్వారు.

"ఆమె గడపల నిలబడి ఇన్నా లోపటికొచ్చి కూసునేటట్టు చెప్పాలె" అన్నాను.

"మరి ఒక కన్ను లేకపాయె గద సార్."

"లేనిది ఇడిసిపెట్టు. ఉన్నదేందో చెప్పు."

వాడు కాసేపు తల గోక్కుని "ఎ వుమన్ విత్ టూ బఫెలోస్" అన్నాడు. సరే, కూర్చోమన్నాను.

బడి వదిలాక ఒక అమ్మాయి ఆగిపోయింది. "సార్, మా బాపును గిట్లనే జెప్తె దొర్కవడ్తరా?"

ఆమె తండ్రి రెండు వానాకాలాల కిందట బెల్లంపల్లి బొగ్గుబాయి పనికి పోయాడు. మళ్ళీ కబురు లేదు. ఆయన పేరు మీద నేనే రాసిపెట్టిన కార్డు, అలాంటి మనిషి లేడని తిరిగి వచ్చింది. ఎవరైనా బాయి పని విడిచిపోతే వాళ్ళ పేరు మీద ఇంకొకరు చేరతారని తరవాత తెలిసింది. ఇప్పుడు ఆయన ఏ పేరు మీద ఉన్నాడో మాకు తెలియదు. మరుసటి నెలలో క్రైస్తవ సంఘ కూటాలకు నేను బెల్లంపల్లి పోతున్నానని ఆ పిల్ల ఎక్కడో విన్నది.

సాయంత్రం తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. అక్కడి ఆడవాళ్ళు భర్త పేరు నోట పలకరు.

"పేరుతోటి పనిలేదు చెల్లె, మనిషి ఎట్లుంటడో చెప్పు" అన్నాను.

"ఎట్లుంటడు? మనిషి లెక్కనే ఉంటడు."

"గట్లంటె ఎట్లవ్వా, సార్ రాసుకోవద్దా?" అంది కూతురు.

అప్పుడు ఒక్కొక్కటే చెప్పింది. కుడి చేతి మీద తేలు పచ్చబొట్టు. ఎడమ చెవికి గాటు. "జొన్నరొట్టె తుంపి నీళ్ళల్ల నానవెట్టి తింటడు. నోట్ల పండ్లు మంచిగనే ఉన్నయి, గయినా ముసలోని లెక్క."

పిల్ల పలక మీద ఇంగ్లీషులో రాసింది. నేను తప్పులు దిద్ది నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. రొట్టె సంగతి మాత్రం కొట్టేశాను. "చూస్తె కండ్లకు కనవడేది రాయాలె బిడ్డా" అన్నాను.

బెల్లంపల్లిలో కూటాలు మూడు రోజులు. ప్రసంగాల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా బాయి ముందుకు వెళ్ళి నిలబడ్డాను. పైకి వచ్చే వాళ్ళందరిదీ ఒకటే రంగు. చేతులూ చెవులూ బొగ్గులో కలిసిపోయాయి. అక్కడ బీడీ తాగుతున్న ఒకాయనను అడిగితే నవ్వాడు. "షిఫ్టుకు ఇరవైమందికి తేళ్ళే ఉంటయి పంతులు. మీకు ఏ తేలు గావాలె?"

ఆ పూట ప్రార్థనలో ఆ పిల్ల తండ్రి అసలు పేరే చెప్పాను. ఇంకో పేరు నాకు తెలియదు, దేవునికి రెండూ తెలుసు.

మూడో రోజు, కార్మికులకు వండిపెట్టే ఒకామె దగ్గర చాయ్ తాగుతూ నోటుబుక్కు తీశాను. కొట్టేసిన వరుస కనిపించింది. అడిగి చూద్దామని అడిగాను.

"రొట్టె నీళ్ళల్ల ఏసెటోడా?" అందామె. "నా రొట్టె గంత గట్టిగున్నదా అని రోజు తిడ్త. షిఫ్టు దిగినంక వస్తడు, కూసోండ్రి."

వచ్చాడు. ఎడమ చెవికి గాటుంది. తిరిగొచ్చిన కార్డు సంగతి చెబితే ముందు తల దించుకున్నాడు. "ఇంకొకని పేరు మీద ఉన్న సారూ. నా పేరు మీద రాస్తె నాకెట్ల అందుతది? నేను రాద్దమంటె చదువు రాదు. ఒకనితోని రాపిస్తె బయటవడ్తదని బుగులు." బాయిలో తన పేరూ, ఆ పేరుగల మనిషి తండ్రి పేరూ చెప్పి, ఇంటికి తెలియజేయమన్నాడు.

ఊరికి వచ్చాక రొట్టె వరుసను మళ్ళీ నోటుబుక్కులో రాసి, క్షమించమని ఆ పిల్లతో చెప్పాను. తల్లికి ఆయన చెప్పిన పేర్లు చెప్పాను. మరునాడు ఆమె కార్డు పట్టుకుని వచ్చింది. చిరునామా ఆమెనే చెప్పమన్నాను. అలవాటు కొద్దీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసేసింది.

"గది ఆయన పేరు గాదు గద?"

"కాదు."

ఆమె ఆ పేరునూ, తండ్రి పేరునూ పొలం అవతలి మనిషిని పిలిచినట్టు గట్టిగా చెప్పింది. రాసేలోగా మరో రెండుసార్లు చెప్పింది.

"జర మెల్లగ అవ్వా, ఊరంత ఇంటది" అంది కూతురు.

"ఇననీ. గది మీ బాపు పేరా?"

చిరునామా పూర్తి చేసి, లోపల ఏం రాయమంటావని అడిగాను.

"దసరకు రమ్మని రాయుండ్రి" అంది. అది రాసేదాకా చూసింది. "రొట్టె కాడ నీళ్ళు గూడ వెడ్తనని రాయుండ్రి."