మోదుగపువ్వు బుర్ర

పామేడులో ముత్తయ్య చెయ్యి మంచిదని అందరూ అంటారు. బుద్ధీ మంచిదే, కాకపోతే సొంపైన సొరబుర్ర కంటబడితే కాస్త పక్కకు జరుగుతుంది. ఎండిన బుర్రల మీద కాల్చిన కత్తితో పూలు దిద్ది నీళ్లబుర్రలు, గరిటెలు చేయడం అతని పని. ఈమధ్య జగదల్‌పూర్ దుకాణంవాళ్లు దీపాలు అడుగుతున్నారు. లోపల బల్బు పెడితే పూరేకుల సందుల్లోంచి వెలుగు రావాలట.

బుర్రలన్నీ పక్కింట్లో ఉండే భీమే అనే ఆవిడ పాదువే. ఆ దొర్ల తెగ మనిషి ముత్తయ్యను సొంత తమ్ముడిలా చూస్తుంది. కావలసినవి కోసుకొమ్మంటుంది, నల్లదారం కట్టింది తప్ప. అది విత్తనానికి. ఆ పాదు కాయలకు మెడ సన్నగా వంగి ఉంటుంది. చేనికి నీళ్లు తీసుకుపోయేటప్పుడు వేలికి తగిలించుకోవచ్చు.

ఈ ఏడు కాపు లేదు. దారం కట్టిన కాయ ఒక్కటే నిలిచి, తీగ మీదే ఎండింది. దాని మెడ అచ్చం మోదుగమొగ్గలా వంగింది. ముత్తయ్య కొన్నాళ్లు చూసీ చూడనట్టు తిరిగాడు. పాత గింజలు దాచుకోకుండా ఉంటుందా అని తనకు తానే సర్దిచెప్పుకొని, భీమే ఇంట్లో లేని పూట కోసేశాడు. లోపల గులకరాళ్లు వేసి ఆడించి, ఎప్పటిలాగే గింజలను పొయ్యిలోకి దులిపాడు. దీపం ఎంత బాగా కుదిరిందంటే, చేసిన తప్పు కూడా గుర్తు రాలేదు.

కాయ కనబడక భీమే కోతుల్ని తిట్టింది. పక్కన నిలబడి ముత్తయ్యా తిట్టాడు. ఆ పూట నుంచి అతనికి అన్నం సయించలేదు. దీపం అమ్ముడుపోయిందని, అలాంటివే ఇంకా కావాలని దుకాణంవాళ్లు ఫోను చేస్తే సంతోషానికి బదులు సిగ్గేసింది.

తొలకరి పడ్డాక భీమే ప్లాస్టిక్ సీసాతో చేనికి పోతూ అతని గుమ్మం దగ్గర ఆగింది. పాత గింజలన్నీ నిరుడే పాదులో పెట్టేశానని, ఇప్పుడు విత్తడానికి ఒక్కటీ లేదని, అతని దగ్గర ఏ మూలనైనా నాలుగు మిగిలాయేమో చూడమని అడిగింది. ముత్తయ్య ఇక దాచలేకపోయాడు.

“కోతులు కాదక్కా. నేనే కోసిన. ఇత్తులు పొయ్యిల పోసిన.”

తిడితే బాగుండునని అతను తల వంచుకున్నాడు. భీమే తిట్టలేదు.

“కాపురానికొచ్చిన ఏడు మా అత్త నా కొంగున కట్టిన ఇత్తు తమ్మీ అది,” అంది. “కోడలొస్తే నేనేం కట్టాలె?”

చేనికి పొద్దుపోతోందని ఆమె వెళ్లిపోయింది.