ప్రొమీథియం హాజరు

దెయ్యాలంటే నాకు ఏ రోజూ నమ్మకం లేదు. నమ్మే వీలు కూడా మా ఇంట్లో లేదు. చిన్నప్పుడు చీకట్లో భయపడి పరిగెత్తుకెళ్తే నాన్న, "దాని ఫార్ములా ఏంటమ్మా?" అని అడిగేవాడు.

నాన్న పోర్ట్ బ్లెయిర్‌లో కెమిస్ట్రీ ప్రొఫెసర్. సీరియం లాంటి రేర్ ఎర్త్ మూలకాలంటే ఆయనకి ప్రాణం. సముద్రం అడుగు మట్టిలో అవి ఎంతున్నాయో చూడటానికి వీలైనప్పుడల్లా బోటెక్కేవాడు. నా ఖర్మ కొద్దీ డిగ్రీలో ఆయన క్లాసులోనే పడ్డాను.

ఆ మూలకాల పేర్లు నోటికి రావాలని మాలో ఒక్కొక్కరికి ఒక్కో పేరు పెట్టి, హాజరు కూడా వాటితోనే పిలిచేవాడు. నేను సీరియం. వాటిలో అన్నిటికంటే ఎక్కువ దొరికేది అదేనట. ఇంట్లోనూ నువ్వే, ఇక్కడా నువ్వే కదా అని ఆయన వేళాకోళం.

ప్రొమీథియం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అది భూమిలో దాదాపు దొరకదు, ఏర్పడింది ఏర్పడినట్టే తరిగిపోతుంది. అందుకని ముందు బెంచీలో దానికో ఖాళీ చోటు. ఆ పేరు పిలిచి, కాసేపు ఆగి, నవ్వి ముందుకెళ్లేవాడు. క్లాసులో హిందీ, ఇంగ్లీషే. అక్కడ నాతో ఒక్క తెలుగు ముక్క మాట్లాడేవాడు కాదు, అంత పట్టింపు మనిషి.

పోయిన ఏడాది మట్టి కోసం, చేపలు పట్టే అప్పలరాజు మామ బోటులో ఆయనతో వెళ్లిన నాన్న సాయంత్రానికి రాలేదు. గాలి లేచింది. ఫోన్లు కలవలేదు. తెల్లారినా కబురు లేదు. అమ్మ చర్చిలో మోకాళ్ల మీద ఉండిపోయింది. డిగ్నాబాద్‌లోని మా ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక నేను కాలేజీకి వెళ్లాను.

పాఠం చెప్పేవాళ్లు లేరు. మా క్లాస్ లీడర్ రూప, బెంగాలీ పిల్ల, ఏం చెయ్యాలో తోచక సర్ పద్ధతిలోనే హాజరు పిలవడం మొదలెట్టింది. ఆ ఊపులో ప్రొమీథియం కూడా పిలిచేసింది.

"ఉన్నానమ్మా."

ఆ ఖాళీ చోటులోంచే వచ్చింది. నాన్న గొంతు. మాట్లాడే ముందు ఆయన గొంతు సవరించుకోవడంతో సహా.

నా మనసు చేసిన గారడీ అనుకునేదాన్నే. కానీ రూప తెల్లబోయి నావైపు తిరిగింది. "సర్ హీ థే న? ఉన్నానమ్మా... ఇస్కా మత్లబ్ క్యా హై?" అంది. సర్ గొంతే కదా, ఆ మాటకి అర్థమేంటని.

దానికి తెలుగు రాదు. తామూ విన్నామంటూ తమిళ పిల్లలూ రాంచీ కుర్రాళ్లూ అదే మాట తప్పుల్లేకుండా పలికారు. వరండా వెతికాం, ఎవరైనా రికార్డింగ్ పెట్టారేమోనని ఫోన్లు చూశాం. ఆయన గది తాళం వేసినట్టే ఉంది.

"మై హూఁ, బేటీ" అని అర్థం చెప్పి, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాను.

మధ్యాహ్నం నాన్ననీ మామనీ ఇంకో చేపల బోటు తీసుకొచ్చింది. ఇంజను చెడి రాత్రంతా కొట్టుకుపోయారట. నాన్న పెదాలు పగిలి రక్తం కారుతోంది. చేతిలో మట్టి సంచి మాత్రం వదల్లేదు, మహానుభావుడు.

జరిగింది చెప్తే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"పొద్దున నన్ను తలుచుకున్నావా నాన్నా?"

"మర్చిపోయిందెప్పుడే?" అన్నాడు.

ఇది ఏ పరీక్షలో రాసినా సున్నా వేస్తారు. అయినా ఇవాళ్టికీ నేను రాసే జవాబు ఇదే.