ఎర్ర అంకెల ఇళ్ల తలుపులు

మొన్న మా కోడలు కార్ఖానా ఏరియాలో కొత్తగా తెరిచిన కాఫీ షాపుకు తీసుకెళ్లింది. ఇంట్లో కాఫీ పెట్టుకోలేమా, బయటికెందుకు అని సణుగుతూనే వెళ్లాను గానీ, లోపల అడుగుపెట్టగానే నా నోరు మూతపడింది. మాకు చూపించిన బల్ల అసలు బల్లే కాదు, పాతకాలపు టేకు తలుపు. పైన అద్దం పరిచి కింద ఇనుప కాళ్లు బిగించారు. గొళ్లెం ఊడదీసిన చోట గుంత, చేతులు తగిలి తగిలి నల్లబడిన మరక, అన్నీ అలాగే ఉన్నాయి. భలే ఐడియా కదా అని కోడలు మురిసిపోతూ ఫోటోలు తీసుకుంటోంది. నేను మాత్రం కాఫీ తాగినంతసేపూ కప్పును దానిమీద పెట్టలేక చేత్తోనే పట్టుకుని కూర్చున్నాను.

ఆ ఐడియా కొత్తదేమీ కాదు. ఎన్నో ఏళ్ల కిందటే, అదే కార్ఖానాలో, మా చిన్నాయన భార్య, అంటే మా చిన్నమ్మ, ఆ పనే చేసింది. డిగ్రీ అయిపోయి ఉద్యోగం దొరక్క గోళ్లు గిల్లుకుంటున్న నన్ను తన దగ్గర పెట్టుకుని పని నేర్పింది కూడా ఆవిడే. డిజైనర్ అనే మాట అప్పట్లో మా వీధిలో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ ఆవిడను సోకుల అక్క అనేవారు. పాత కిటికీ చట్రంలో అద్దం బిగించేది, వెంటిలేటర్ల రంగుల గాజుముక్కలతో దీపాల డోములు చేసేది, చెక్కుడు పనున్న స్తంభాలను కోసి పూలకుండీలకు పీటలు చేసేది. తిరుమలగిరిలోని మిలిటరీ ఆఫీసర్ల భార్యలు వచ్చి గంటలకొద్దీ కూర్చుని ఏరుకుని, బదిలీ అయినప్పుడు ఆ సామాన్లు వెంట తీసుకెళ్లేవారు. వాళ్ల ఇంటి ముందు వరండాయే మా పనిచోటు, వెనక రెండు గదుల్లో కాపురం.

ఇంత పాత కలప ఎక్కడిదని మీరడగవచ్చు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, రోడ్డు వెడల్పు చేసే ముందు కొలతలవాళ్లు వచ్చి, పోవలసిన ఇళ్ల గోడలమీద ఎర్రరంగుతో అంకెలు వేసేవారు. చిన్నాయన స్కూటరు మీద తిరుగుతూ ఆ అంకెల కోసమే వెతికేవాడు. ఎర్ర అంకె పడిందంటే మాకు మంచి టేకు దొరికినట్టే. మొదట ఎక్కడో అల్వాల్ అవతలి నుంచి తలుపులు తెచ్చేవాళ్లం. తర్వాత అల్వాల్లోనే దొరికాయి, ఆ తర్వాత తిరుమలగిరి దాటి ఇవతలికి. దూరం తగ్గినకొద్దీ ట్రాలీ ఆటో శ్రమ తప్పిందని మేము సంబరపడ్డామే తప్ప, ఆ అంకెలు ఎటు నడుచుకుంటూ వస్తున్నాయో ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

చివరికి అంకె మా పక్కింటి గోడమీద పడింది. ఆ ఇంటావిడ చిన్నమ్మకు వరసకు ఏమీ కాకపోయినా అక్కా అక్కా అని పిలుచుకునే మనిషి. ఎవరికో ఎందుకు, నువ్వే తీసుకో అని ఆవిడే పిలిచి తలుపులు ఇచ్చింది. మా వడ్రంగులు తలుపు రెక్కలు మోసుకొస్తుంటే ఆవిడ మా వరండాలోకి వచ్చి, గోడను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, "మీకింకా రాయలేదా?" అని అడిగింది. లేదని చిన్నమ్మ తల ఊపింది. ఆవిడ వెళ్లి, తలుపు ఉండాల్సిన చోట ఒక దుప్పటి కట్టుకుంది. ఇల్లు ఖాళీ చేసేదాకా ఆ దుప్పటి గాలికి ఉబ్బుతూ, లోపలికి పీల్చుకుపోతూ ఉండేది. చిన్నమ్మ పని చేసుకుంటూ మాటిమాటికీ అటే చూసేది.

మా గోడమీద అంకె పడిన రోజు ఇంట్లో ఎవరూ అన్నం సరిగ్గా తినలేదు. ఇల్లు పోతే కాపురమూ పనీ రెండూ ఒక్కసారే పోతాయి. మర్నాడు పొద్దున చూస్తే చిన్నమ్మ పక్కింటి కిటికీ చట్రాన్నే ముందేసుకుని కూర్చుంది. చిన్న చిన్న అద్దం ముక్కలు, ఇత్తడి పువ్వులు, రంగుగాజులు పొదిగి, తన చేతిలో అంతవరకూ ఎన్నడూ రాని అందమైన వస్తువు చేసి, తెచ్చి సరిగ్గా ఆ అంకెమీద తగిలించింది. వీధిలోవాళ్లు ఆగి ఆగి చూసేవారు. అచ్చం అలాంటిదే కావాలని ఆర్డర్లు కూడా వచ్చాయి. చిన్నాయన అయితే, "పరేషాన్ గాకు, రోడ్డు అటు దిక్కుకే పోతదంట, మనది ఆగినట్టే" అని రోజుకొకసారి ధైర్యం చెప్పేవాడు. అంకె కనబడకపోయేసరికి మాకు కూడా నిజంగానే అది లేనట్టు అనిపించసాగింది.

కొన్ని నెలలకు కొలతలవాళ్లు మళ్లీ వచ్చారు. ఒకతను ఆ చట్రాన్ని జాగ్రత్తగా దింపి, వెలిసిపోయిన అంకెమీద కొత్త రంగు పూసి, ఆరేదాకా నిలబడి, మళ్లీ యథాస్థానంలో తగిలించాడు. వంకరగా ఉందని ఒక అడుగు వెనక్కి వేసి చూసి, సరిచేసి మరీ వెళ్లాడు. చాలా బాగుందమ్మా అని మెచ్చుకున్నాడు కూడా. అతను కేకలేసి ఉంటే మేము పోట్లాడేవాళ్లమేమో. ఆ మర్యాద చూసి నేనే అతనికి మంచినీళ్లు కూడా తెచ్చిచ్చాను.

పడగొట్టే వారం చిన్నమ్మే కొంగు బిగించి నిలబడి మా తలుపులు తీయించింది. ఏ మేకు ముందు లాగాలో, ఎక్కడ కొడితే కలప చీలదో ఎప్పటిలాగే చెబుతూ పోయింది. అన్నీ అయ్యాక గడప దగ్గర ఆగింది. ఎన్ని ఇళ్లలో తలుపులు కొన్నా మేము గడప మాత్రం ఎప్పుడూ అడగలేదు, ఎవరూ ఇస్తామనలేదు. పసుపు రాసి బొట్టు పెట్టిన చెక్కను బేరమాడే ధైర్యం ఎవరికుంటుంది? వదిలేద్దామని చిన్నాయన అన్నాడు. చిన్నమ్మ వినలేదు. తానే కూర్చుని పలుగుతో చుట్టూ తవ్వి, చీలిక పడకుండా పైకి తీసింది.

తర్వాత వాళ్లు అల్వాల్లో ఒక అపార్టుమెంటుకు మారారు. అక్కడ గుమ్మానికి పాలరాయి పట్టీ తప్ప గడప పెట్టే చోటే లేదు. నిలబెట్టి చూసింది, మంచం కింద పెట్టి చూసింది, చివరికి గోడకు రెండు కొక్కేలు దిగ్గొట్టి అరలాగా బిగించింది. దానిమీద ఏదీ పెట్టనిచ్చేది కాదు. వచ్చినవాళ్లు మాత్రం ఇంత బావున్న షెల్ఫు ఎక్కడిదని అడిగేవారు. పాత ఖాతాదారు ఒకావిడ మాకూ అలాంటిది చేసివ్వమని పట్టుబట్టింది. చిన్నమ్మ టీ కప్పు అందిస్తూ నెమ్మదిగా అంది. "చేసిస్త. మీ ఇల్లు కూలినంక రాండ్రి."

ఆ తర్వాత ఆవిడ ఏ వస్తువూ చేయలేదు. ఇప్పుడు చిన్నమ్మా లేదు, చిన్నాయనా లేడు. మేముంటున్న వీధి మీదుగా ఫ్లైఓవర్ వంతెన వస్తుందని, కొన్ని ఇళ్లు పోతాయని అనుకుంటున్నారు. నిన్న సాయంత్రం ఒక కుర్రాడు మా గేటు ముందు నిలబడి ఇంటి వైపు సెల్‌ఫోన్ పట్టుకుని తెరమీద ఏదో గుర్తులు పెట్టుకుంటున్నాడు. ఏందీ నాయనా అని అడిగితే, ఏం లేదు మేడం, ఊరికెనే అని నవ్వి వెళ్లిపోయాడు. వెళ్లాక గోడ మొత్తం చూసుకున్నాను. ఎక్కడా ఏమీ లేదు. మా రోజుల్లో కనీసం గోడమీద రాసి చెప్పేవారు.