అత్త చేతి మీది కొంగ

దయ్యాల కబుర్లంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్ళుమంట. కావలిలో మాది ప్రార్థన తప్పని క్రైస్తవ కుటుంబం. అలాంటి మాటలెత్తితే మా నాయన ఊరుకునేవాడు కాదు. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఇంకెవరైనా చెబితే నేను కొట్టిపారేసేదాన్నే.

అరవైల మొదట్లో సంగతి. దొరవారిసత్రంలో కాపురమున్న మా చిన్నత్త భర్త పులికాట్ సరస్సు మీద గాలివానలో చిక్కుకున్నాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. అత్త మా ఇంటికి వచ్చేసింది. ఏళ్ళు గడిచినా ఆమె ఏడవలేదు. శవాన్ని చూడందే ఎందుకేడవాలి అనేది. ఎడమ చేతి మీద ఆయన పేరు పచ్చబొట్టుగా ఉండేది.

చివరికి బుచ్చిరెడ్డిపాలెం సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు మంచివాడే, కానీ ఆ పేరు కనిపిస్తుంటే ముద్ద దిగదన్నాడు. పెద్దలు చెరిపేయించమన్నారు. చెరిగేదైతే కదా, దాని మీద ఇంకో బొమ్మ పొడిపించాల్సిందే. అత్త తలూపింది గానీ, ఆయన తిరిగొస్తే ఈ చెయ్యి ఎట్లా చూపించేదని నాతో అంది. 

పచ్చబొట్లు పొడిచే ఆమెను పిలిపించారు. వేరే ఊరి మనిషి, మా వీధికి రావడం అదే మొదలు. పొద్దున పూట వరండాలో చాప వేశాం. అత్తకు ఒక పక్క నేను కూర్చున్నాను. రెండో పక్క ఎవరూ లేరు. ఈ మాట బైబిలు మీద చెయ్యి వేసి చెబుతాను.

పేరంతా కప్పే బొమ్మ కావాలి. తులసికోట మాకు పనికిరాదు. తేలంటే అత్తకు భయం. చేప అనగానే మొహం తిప్పుకుంది. ఏదీ కుదరలేదు.

అప్పుడామె అత్తను దాటి ఆ ఖాళీ వైపు చూసింది. మాట విన్నట్టు తలూపింది.

"మీ ఆయన కొంగ పొడవమంటా ఉండాడు గదమ్మా. పొడిచేదా?"

అత్త మొహంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి చాపింది. సూది దిగుతున్నంతసేపూ ఏడ్చింది. అన్నేళ్ళ ఏడుపూ ఆ పూటే ఏడ్చింది. పేరు కొంగ కడుపులో కలిసిపోయింది.

పని ముగించి లేచినామె చాప మీద ఆ ఖాళీ చోట కాలు పడకుండా చుట్టూ తిరిగి మెట్లు దిగింది.

ఎవరో ముందే చెప్పి ఉంటారని ఇంట్లో అందరినీ నిలదీశాను. కానీ కొంగ సంగతి మాలో ఎవరికీ తెలియదు. మెడ పొడుగని మామ అత్తను కొంగా అని ఏడిపించేవాడట, అదీ వాళ్ళిద్దరే ఉన్నప్పుడు. పెళ్ళికి ముందు రోజు అత్తే చెప్పింది.

ఆ మనిషికి ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అత్త మాత్రం ఎన్నడూ ఆ ఆరా తియ్యలేదు. నేను మళ్ళీ మళ్ళీ అడిగితే ఒకటే మాట అంది.

"ఇంక రానని చెప్పేదానికి వచ్చినాడే."